సుంకం లేని రేవుకు ఖర్చు పెట్టిందెవరు? 19వ శతాబ్దపు సింగపూర్ పాలన

1819 ఫిబ్రవరి 6న ఈస్టిండియా కంపెనీ అధికారి స్టాంఫర్డ్ రాఫిల్స్ సింగపూర్ దీవిలో చేసుకున్న ఒప్పందం చూడటానికి చిన్నదే. సుల్తానుగా బ్రిటిష్ వాళ్లు గుర్తించిన హుసేన్ షాకు ఏటా 5,000 స్పానిష్ డాలర్లు, దీవి మీద అసలు పెత్తనం ఉన్న తెమెంగ్గాంగ్ అబ్దుల్ రహ్మాన్‌కు 3,000 డాలర్లు ఇవ్వాలి. అందుకు బదులుగా ఈస్టిండియా కంపెనీ అక్కడ ఒక వర్తక స్థావరం పెట్టుకోవచ్చు. నేల మాత్రం వాళ్లదే. దీవి పూర్తిగా కంపెనీ చేతికి వచ్చింది 1824లో, కంపెనీ తరఫున ఊరిని పాలించే రెసిడెంట్ జాన్ క్రాఫర్డ్ కుదిర్చిన మరో ఒప్పందంతో. అయితే ఆ లోపే రాఫిల్స్ ఒక నియమం పెట్టాడు. రేవుకు ఏ దేశపు ఓడ అయినా రావచ్చు, సరుకు దించవచ్చు, ఎక్కించవచ్చు, ఎవరి మీదా సుంకం ఉండదు. చుట్టుపక్కల రేవుల్లో డచ్చివాళ్లు వసూలు చేసే సుంకాలతో విసిగిన బుగిస్ నావికులు, చైనా జంకు ఓడల వర్తకులు ఇటు మళ్లారు. 1824 నాటి మొదటి జనగణనలో 10,683 మంది ఉన్న ఊరు 1860 నాటికి 80 వేలు దాటింది.

సింగపూర్ కథను ఎవరు చెప్పినా ఈ స్వేచ్ఛా రేవు దగ్గరే మొదలుపెడతారు, చాలామంది అక్కడే ఆపేస్తారు కూడా. కానీ ఊరు అన్నాక పోలీసు కావాలి, న్యాయస్థానం కావాలి, రోడ్లు, వంతెనలు, జైలు, ఆస్పత్రి కావాలి. రేవు పట్టణానికి సహజంగా వచ్చే రాబడి సుంకమే. దాన్ని మొదటిరోజే వదులుకున్న ప్రభుత్వం మిగతావన్నీ దేనితో నడిపింది? ఈ ప్రశ్న అడిగితే ఆ శతాబ్దపు సింగపూర్‌లో వచ్చిన నిబంధనల తీరు చాలావరకు అర్థమవుతుంది. ఓడల మీద, సరుకుల మీద వేయని పన్నును రేవులో మూటలు మోసినవాళ్ల బలహీనత మీద వేశారు.

తెలుగు నేలకు ఈ విషయంలో పాత అనుభవం ఉంది. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం సముద్ర వర్తకులకు రక్షణ ఇచ్చింది. తుపానుకు చెడిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజు స్వాధీనం చేసుకునే పద్ధతిని మాన్పించింది. కానీ నిర్ణీత సుంకాన్ని మాత్రం తప్పించలేదు. ఎంత తీసుకుంటారో రాతి మీద చెక్కించి మరీ తీసుకున్నారు. వర్తకుడికి రక్షణ, రాజ్యానికి రాబడి రెండూ ఒకే చోట, అందరికీ కనిపించేలా ఉన్నాయి. సింగపూర్‌లో ఈ రెండూ విడిపోయాయి. రక్షణ వర్తకుడికి దక్కింది, భారం ఇంకెవరిమీదో పడింది.

ఆ భారాన్ని దించే దారి మొదట చూపించినవాడు తొలి రెసిడెంట్ విలియం ఫర్కార్. రాఫిల్స్ అప్పట్లో సుమత్రాలోని బెంకూలెన్‌లో గవర్నరు పనిలో ఉండి సింగపూర్‌కు దూరంగా ఉన్నాడు. చేతిలో డబ్బు లేక, పోలీసులకు జీతాలు ఇవ్వాల్సి వచ్చి, ఫర్కార్ 1820లో నల్లమందు, సారా, జూదం ఈ మూడింటినీ గుత్తకు ఇచ్చాడు. అబ్కారీ వేలంపాట అంటే ఏమిటో తెలుగువాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో తాటి కల్లు, సారా ఇదే పద్ధతిలో సాగాయి. ఎక్కువ పాట పాడినవాడికి అమ్మే హక్కు మొత్తం వస్తుంది. సర్కారుకు నెలనెలా కట్టాల్సింది కడతాడు, ఆపైన రాబట్టుకున్నదంతా అతనిదే. ప్రభుత్వానికి వసూలు సిబ్బంది అవసరం లేదు, లెక్కలు అవసరం లేదు, జనంతో మాట్లాడే పని కూడా లేదు.

1822 అక్టోబరులో తిరిగొచ్చిన రాఫిల్స్‌కు ఇది నచ్చలేదు. జూదశాలలు, కోడిపందేల బరులు మూయించాలని 1823లో ఏకంగా ఒక నిబంధనే జారీ చేశాడు. ఆ ఏడాదే రాఫిల్స్ వెళ్లిపోయాక రెసిడెంటుగా వచ్చిన క్రాఫర్డ్ జూదం గుత్తను మళ్లీ తెరిచాడు. అన్ని గుత్తల్లోనూ ఎక్కువ రాబడి దానిదే మరి. చివరికి 1829లో దాన్ని శాశ్వతంగా ఎత్తేశారు. చెడ్డదని తెలిసీ ఆరేళ్లపాటు నడిపించడానికి కారణం ఖజానా తప్ప మరొకటి లేదు. జూదం పోయాక మిగిలిన పెద్ద ఆధారం నల్లమందు. ఆ తర్వాత ఎనభై ఏళ్లపాటు సింగపూర్ పరిపాలన దాని మీదే నడిచింది. చాలా సంవత్సరాల్లో మొత్తం రాబడిలో దాదాపు సగం అదొక్కటే.

నల్లమందు గుత్త ఎలా పనిచేసిందో కాస్త నిదానంగా చూడాలి. బెంగాల్ ప్రెసిడెన్సీలో పండిన నల్లమందును కంపెనీ కలకత్తాలో వేలం వేసేది. వర్తకులు కొన్న పెట్టెలు చైనాకు వెళ్తూ సింగపూర్‌లో దిగేవి. ఆ పెట్టె మీద సుంకం లేదు, స్వేచ్ఛా రేవు కదా. వేల డాలర్ల సరుకు దించి, మరో ఓడకు ఎక్కించి, లాభం చేసుకున్న వర్తకుడు సర్కారుకు దమ్మిడీ కట్టనక్కర్లేదు. అదే నల్లమందును ఊళ్లో ఉడికించి, పీల్చడానికి వీలైన చండూగా మార్చి, చిన్న పొట్లాలుగా అమ్మే హక్కు మాత్రం గుత్తేదారు ఒక్కడిదే. దాని ధర ముడిసరుకు ఖరీదు కంటే ఎన్నో రెట్లు. ఆ తేడాలోంచే గుత్తేదారు లాభమూ, సర్కారు రాబడీ రెండూ రావాలి. అంటే పన్ను పెట్టె మీద పడలేదు, చండూ పీల్చే గొట్టం మీద పడింది. వర్తకుడి దగ్గర ఆగకుండా నేరుగా కూలీ దగ్గరికి వెళ్లింది.

ఆ కూలీ దక్షిణ చైనా నుంచి అప్పు మీద ఓడెక్కి వచ్చినవాడు. ప్రయాణ ఖర్చు తీరేదాకా యజమాని చెప్పిన చోట పనిచేయాలి. కొందరు రేవులో మూటలు మోశారు. చాలామంది దీవి లోపలి అడవులు నరికి గాంబియర్, మిరియాల తోటలు వేశారు. తోలు పదును చేయడానికి వాడే గాంబియర్ ఆకును పెద్ద బానల్లో ఉడికించే పని రోజంతా మంట ముందు ఉండి చేయాలి. ఆడతోడు లేదు, ఇల్లు లేదు, జ్వరాలు, ఒళ్లునొప్పులు. చండూ వాళ్లకు మందూ అదే, విశ్రాంతీ అదే. తోటకు పెట్టుబడి పెట్టిన సావుకారే బియ్యం, చండూ అరువుకు ఇచ్చేవాడు. నెలాఖరుకు కూలిలోంచి కోసుకునేవాడు. ఇచ్చిన కూలి ఇచ్చినట్టే చండూ రూపంలో వెనక్కి వచ్చేది. అందుకే గుత్త పాడేవాళ్లూ, తోటలకు పెట్టుబడి పెట్టేవాళ్లూ తరచుగా ఒక్కరే. 1870ల్లో తాన్ సెంగ్ పో, చియాంగ్ హోంగ్ లిమ్, తాన్ హియోక్ నీ కలిసి కట్టిన కూటమి సింగపూర్ గుత్తలను, పక్కనున్న జొహోర్ రాజ్యపు గుత్తలను ఒకే చేతి కిందికి తెచ్చింది. దొంగ చండూ పట్టుకోవడానికి గుత్తేదార్లకు సొంత తనిఖీ మనుషులుండేవారు. పట్టుబడినవాణ్ని సర్కారు న్యాయస్థానంలో నిలబెట్టేవారు. ఒక ప్రైవేటు వ్యక్తి గుత్తాధిపత్యాన్ని కాపాడటం పోలీసుకూ, మేజిస్ట్రేటుకూ రోజువారీ పని అయింది. పేదవాడి జీవితంలో ప్రభుత్వం అడుగుపెట్టిన ముఖ్యమైన దారి ఇదేనన్నది తలచుకుంటే బాధ కలుగుతుంది.

చట్టం సంగతికి వస్తే, మొదటి ఏళ్లలో దానికి పునాదే సరిగా లేదు. 1823లో రాఫిల్స్ వరుసగా నిబంధనలు జారీ చేశాడు. భూముల నమోదు, రేవు నిర్వహణ, యూరోపియన్ వర్తకుల్లోంచి ఎంచిన మేజిస్ట్రేట్లు, జూదం నిషేధం, బానిసల వ్యాపారం నిషేధం. వీటిలో మంచి ఆలోచన ఉంది. బానిస వ్యాపారాన్ని ఆపాలన్న పట్టుదలను గౌరవించాలి. కానీ అలా చట్టాలు చేసే అధికారం ఆయనకు లేదు. నేల ఇంకా సుల్తానుది, కంపెనీకి ఉన్నది స్థావరం హక్కు మాత్రమే. తర్వాత వచ్చిన క్రాఫర్డ్ ఈ చిక్కును గుర్తించి, ఆ మేజిస్ట్రేట్ల ఏర్పాటును పక్కన పెట్టాడు.

1826లో పినాంగ్, మలక్కా, సింగపూర్ కలిపి స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్ అనే ప్రెసిడెన్సీ ఏర్పడింది. అదే ఏడాది నవంబరులో ఇంగ్లండు రాజు ఇచ్చిన న్యాయ అధికారపత్రంతో అసలైన న్యాయస్థానం వచ్చింది. ఆ పత్రం ప్రకారం రికార్డర్ అనే న్యాయమూర్తితో పాటు గవర్నరు, రెసిడెంట్ కౌన్సిలర్లు కూడా తీర్పులు చెప్పాలి. నాలుగేళ్లు తిరక్కుండానే, 1830లో, ఖర్చు భరించలేక కంపెనీ ఆ ప్రెసిడెన్సీని రద్దు చేసి బెంగాల్ కింద పెట్టింది. పొదుపు కోసం గవర్నరు పదవి, కౌన్సిలర్ల పదవులు తీసేసి చిన్న పేర్లు పెట్టింది. అధికారపత్రంలో రాసి ఉన్న పదవుల్లో ఎవరూ మిగలలేదు కాబట్టి తీర్పు చెప్పే అర్హత ఎవరికీ లేదని న్యాయస్థానాలు మూసేశారు. అప్పులు వసూలు కావు, వారసత్వాలు తేలవు, నేరస్థుల విచారణ లేదు. వర్తకులు లండన్‌కు అర్జీలు పెట్టుకున్నాక, 1832లో పాత పదవుల పేర్లు తిరిగి ఇస్తే గానీ తలుపులు తెరుచుకోలేదు. జీతాలు మిగుల్చుకోవడానికి తీసిన రెండు మూడు పదవుల వల్ల వేలమంది ఉన్న రేవు పట్టణం న్యాయం లేకుండా గడిపింది. ఆ ఏడాదే రాజధాని పినాంగ్ నుంచి సింగపూర్‌కు మారింది.

రోడ్లకు, వంతెనలకు డబ్బు లేని ఈ ప్రభుత్వానికి పనిచేసే చేతులు భారతదేశం నుంచి వచ్చాయి, సంకెళ్లతో. 1824లోనే బ్రిటిష్, డచ్చివాళ్ల మధ్య జరిగిన వేరే ఒప్పందంలో బెంకూలెన్ డచ్చివాళ్లకు పోవడంతో అక్కడున్న భారతీయ ఖైదీలను 1825 ఏప్రిల్ నుంచి సింగపూర్‌కు తరలించారు. మొదటి జట్టులో ఉన్న 80 మందీ మద్రాసు నుంచి ద్వీపాంతర శిక్ష పడి వెళ్లినవాళ్లు. ఆ తర్వాత దాదాపు అర్ధశతాబ్దం పాటు మద్రాసు, బెంగాల్, బొంబాయిల నుంచి ఖైదీలు వెళ్తూనే ఉన్నారు. గంజాం నుంచి నెల్లూరు దాకా కోస్తా, ఇటు కడప, బళ్లారి అంతా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీయే. ఆ మనుషుల్లో మనవాళ్లు ఉండకుండా ఉండరు. చిత్తడి నేలలు పూడ్చారు, అడవిలోంచి దారులు వేశారు, ఇటుకలు కాల్చారు. 1856లో మొదలై 1861లో పూర్తయిన సెయింట్ ఆండ్రూస్ కెథీడ్రల్ వాళ్ల చేతి పనే. దాని లోపలి గోడలకు పూసింది మద్రాసు సున్నం. సున్నంలో గుడ్డు తెల్లసొన, ముతక చక్కెర కలిపి నూరి, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్లతో మెత్తగా చేసి, పూసి, ఆరాక నిగనిగలాడేలా రుద్దారు. ఇళ్లకు డంగు సున్నం వేయించిన ఊళ్లవాళ్లు ఈ పద్ధతిని వెంటనే గుర్తుపడతారు.

ఈ ఖైదీల వ్యవస్థ నడిచిన తీరు విచిత్రమైనది. ఖైదీలను తరగతులుగా విభజించి, మంచి నడవడి చూపినవాళ్లను పై తరగతికి ఎక్కించి, కాపలా కాసే పని కూడా ఖైదీలకే అప్పగించారు. పై తరగతివాళ్లు ఊళ్లో సొంతంగా పని చేసుకుని బతకవచ్చు. యూరప్ నుంచి చూడటానికి వచ్చిన అధికారులు దీన్ని మెచ్చుకున్నారు. మెచ్చుకోదగిన అంశాలు ఉన్నమాట నిజమే. కానీ ఇంటికి వేల మైళ్ల దూరంలో, కూలి లేకుండా జీవితకాలం పనిచేసిన మనుషుల శ్రమ మీద ఒక నగరం తన రోడ్లు వేసుకుందన్న సంగతి ఆ మెప్పులో మరుగున పడకూడదు. 1857 తిరుగుబాటు తర్వాత, భారతదేశం నుంచి ప్రమాదకరమైన ఖైదీలను తమ మీదికి తోలుతున్నారని సింగపూర్‌లోని యూరోపియన్ వర్తకులు గొడవ పెట్టారు. 1858లో ఖైదీల కోసం అండమాన్ స్థావరం మొదలైంది. 1873లో సింగపూర్ ఖైదీల జైలు మూతపడింది.

ఆస్పత్రి సంగతి చిన్నదే అయినా ఖజానా స్వభావాన్ని బాగా చూపిస్తుంది. దిక్కులేని రోగుల ఆస్పత్రికి డబ్బు కోసం పంది మాంసం అమ్మకాన్ని గుత్తకు ఇచ్చారు. 1837లో ఆ గుత్త ఎత్తేశారు, దానికి బదులు మరో నిధి చూపలేదు. జబ్బుపడిన కూలీలు వీధుల్లో పడి చనిపోయే పరిస్థితి వచ్చింది. 1844లో తాన్ తోక్ సెంగ్ అనే చైనా వర్తకుడు ఇచ్చిన విరాళంతో ఆస్పత్రికి పునాది పడింది. ఆయన పేరుతో ఆ ఆస్పత్రి నేటికీ నడుస్తోంది.

నిబంధనలు జనానికి ఎలా చేరాయన్నది మరో ప్రశ్న. 1833 తర్వాత చట్టాలన్నీ కలకత్తాలో తయారయ్యేవి, ఇంగ్లీషులో వచ్చేవి. జనంలో అత్యధికులు మాట్లాడేది హొక్కియన్, తియోచ్యూ, కాంటనీస్, మలయ్, తమిళం. చైనా భాష చదివి రాయగల యూరోపియన్ అధికారి దశాబ్దాల తరబడి ఒక్కరూ లేరు. 1857 జనవరి 2న కొత్త పోలీసు, మునిసిపల్ చట్టాల గురించి భయపడిన చైనా దుకాణదారులు ఊరంతా బజారు మూసేశారు. తమ మీద ఏం వచ్చిపడుతోందో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. అంతకు ముందు 1854 మే నెలలో హొక్కియన్, తియోచ్యూ వర్గాల మధ్య పది రోజులకు పైగా సాగిన కొట్లాటలో వందలమంది చనిపోయారు. చైనా కూలీల మధ్య తగవులు తీర్చేవీ, దిక్కులేనివాళ్లను చేరదీసేవీ, అదే చేత్తో బెదిరించి వసూళ్లు చేసేవీ గీ హిన్ లాంటి రహస్య సంఘాలే. వాటితో సర్కారు అటు కలవలేదు, ఇటు ఎదిరించలేదు. 1869లో నమోదు చట్టం తెచ్చింది. 1877లో చైనా వ్యవహారాల రక్షణ కార్యాలయం పెట్టి, చైనా భాషలు ధారాళంగా వచ్చిన విలియం పికరింగ్‌ను దానికి అధిపతిని చేసింది. ఓడ దిగుతున్న కూలీని ఎవరు తెచ్చారు, ఎంత అప్పు మీద తెచ్చారు అని అడిగే అధికారి ఆ రేవులో అప్పుడే మొదటిసారి కనిపించాడు. రేవు పుట్టి అప్పటికి 58 ఏళ్లు. 1890లో ప్రమాదకర సంఘాల మీద నిషేధం అమల్లోకి వచ్చింది.

సర్కారుకూ జనానికీ మధ్య ఉన్న ఇదే దూరం ఊరి వీధుల్లో వసారాల రూపంలో బయటపడింది. 1822లో పట్టణ ప్రణాళిక వేయించినప్పుడు రాఫిల్స్ ఒక మంచి నియమం పెట్టాడు. ఇటుక ఇళ్లన్నింటికీ ముందు ఒకే తీరు వసారా ఉండాలి, అవన్నీ కలిసి వీధి పొడవునా పాదచారులకు నీడ ఇచ్చే దారి కావాలి. ఎండా వానా రెండూ తీవ్రంగా ఉండే చోట ఇంతకంటే ఉపయోగపడే నిబంధన అరుదు. ఐదడుగుల దారి పేరుతో అది మలయా పట్టణాలన్నింటికీ పాకింది. అయితే ఆ వసారా ఇంటివాడిదా, ఊరిదా అన్నది నియమం తేల్చలేదు. ఇల్లు కట్టుకున్నవాడు అక్కడ సరుకు పరిచాడు, చిల్లర వ్యాపారి అద్దెకు కూర్చున్నాడు, మంగలి కుర్చీ వేశాడు, వంటమనిషి పొయ్యి పెట్టాడు. మునిసిపల్ అధికారులు వీటిని ఖాళీ చేయించడానికి పూనుకున్నప్పుడు 1888 ఫిబ్రవరి 21న దుకాణాలు మూతపడ్డాయి. ట్రాముల మీద రాళ్లు పడ్డాయి, రెండు మూడు రోజులు ఊరు అట్టుడికింది. చివరికి మనిషి నడవడానికి సందు వదిలితే చాలన్న రాజీ కుదిరింది. అది ఓటమి అని అప్పటి అధికారులు భావించారు. నిజానికి ఆ వీధుల్లో బతుకుతున్నవాళ్ల మాట నిబంధనలోకి చేరిన కొద్ది సందర్భాల్లో ఇది ఒకటి.

ఇంగ్లీషు వర్తకులకు మాత్రం ఇలా రాళ్లు విసరాల్సిన అవసరం రాలేదు. నేరారోపణలు పరిశీలించే గ్రాండ్ జ్యూరీలో వాళ్లే, పత్రికలు వాళ్లవే, లండన్‌లో పలుకుబడి వాళ్లదే. 1855లో కలకత్తా ప్రభుత్వం డాలరు చెలామణీ ఉన్న రేవులో భారతదేశపు నాణేలు రుద్దబోతే అల్లరి చేశారు. ఓడల మీద రేవు రుసుము వేద్దామన్న ప్రతిపాదనను ఎదిరించారు. పెద్రా బ్రాంకా అనే చిన్న దీవి మీద 1851లో వెలిగిన హోర్స్‌బర్గ్ దీపస్తంభం కోసం ఓడల మీద వేసిన రుసుము వంటివి తప్ప నౌకలకు చెప్పుకోదగ్గ భారం లేదు. భారత ప్రభుత్వం నుంచి తమను విడదీయాలని 1857లో లండన్‌కు పెట్టుకున్న అర్జీ పదేళ్లకు ఫలించింది. 1867 ఏప్రిల్ 1న స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్ నేరుగా బ్రిటిష్ రాణి పాలన కింద కాలనీ అయింది. శాసనమండలి వచ్చింది, అందులో నామినేటెడ్ వర్తకులు కూర్చున్నారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుని ఆవిరి ఓడలు పెరిగాయి. ఆ ఓడలు ఆగే ధక్కాలు కూడా 1864లో పుట్టిన తంజోంగ్ పగర్ డాక్ కంపెనీ చేతిలో పెరిగాయి. 1905లో ప్రభుత్వం వాటిని తీసుకునేదాకా, ప్రపంచంలోనే రద్దీ రేవుల్లో ఒకటైన సింగపూర్ ధక్కాల్లో ఎక్కువ భాగం ప్రైవేటు ఆస్తే.

ఇన్ని మారినా నల్లమందు గుత్త మారలేదు. 1867లో కాలనీ అయినప్పుడూ అది ఉంది, వర్తకుల మండలి వచ్చాకా ఉంది. 1910 జనవరి 1 నుంచి గుత్తేదార్లను తప్పించి ప్రభుత్వమే చండూ తయారీ, అమ్మకం చేపట్టింది. రాబడి తగ్గలేదు. అదే కాలంలో ఆదాయపు పన్ను వేద్దామన్న ఆలోచన వస్తే వర్తకులు అడ్డుపడి ఆపారు. ఆ తర్వాత కూడా, యుద్ధకాలంలో తాత్కాలికంగా తప్ప, సింగపూర్‌లో చాలాకాలం ఆదాయం మీద పన్ను లేదు. చండూను పూర్తిగా నిషేధించింది రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1946లో. ఆ మరుసటి ఏడాదే ఆదాయపు పన్ను చట్టం చేశారు, 1948 నుంచి వసూలు మొదలైంది.